యంత్రం వెయ్యని చెయ్యి

మార్చి 2

సమస్త ప్రజలకు, ముఖ్యంగా ఈ చర్మవ్యాధుల బడిలో తెల్లకోట్లు తొడుక్కుని తిరిగే పెద్దమనుషులకు, లెక్చర్ హాలు తాళాల గుత్తికి ఏకైక ప్రభువైన ఎలియాకిము కియోండో గోడగడియారం సాక్షిగా చాటించునది: హాలు వెనక వరసలో, కిటికీ పక్కన, కాలు విరిగి నీలం తాడుతో కట్టబడిన కుర్చీ నేటి నుంచి నాది. అందులో అన్యులు కూర్చోరాదు. అంచు పగిలిన పచ్చ కప్పు కూడా నాది. అందులో అన్యులు టీ తాగరాదు. మీరినవారిపై దావా వేయబడును. మేము పారే జాతి వాళ్ళం. వేస్తాం.

ఇదంతా బోర్డు మీద సుద్దముక్కతో గుండ్రంగా రాశాను. డాక్టర్ ఐకాండే వచ్చి, సాంతం చదివి, తుడిచేసింది.

"కోడిపిల్ల పోయిందని దావా వేసి ప్లీడరుకి ఆవునిచ్చుకునే జాతి. ఇప్పుడు కుర్చీ మీద పడ్డారా" అంది.

"ఆ ఆవుల్ని చవగ్గా కొట్టేసింది మీ చాగాలే కదా డాక్టరమ్మా. చచ్చిన చాగా చెవి దగ్గర చిల్లర గలగలలాడిస్తే లేచి లెక్కపెట్టుకుని మళ్ళీ చస్తాడు" అన్నాను.

క్లాసంతా నవ్వింది, మలావీ నుంచి కొత్తగా వచ్చిన తియామికే తప్ప. ప్రొజెక్టరు తుడిచేవాడు పెద్ద డాక్టర్ని ఇలా అనొచ్చా అని ఆ పిల్ల మొహం మాడిపోయింది. చెప్పాల్సి వచ్చింది. కొండకి ఆ పక్క చాగాలు, ఈ పక్క పారేలం, తాతల నాటి నుంచీ మాది వేళాకోళపు వరస. ఉతాని అంటాం. ఎంత మాటైనా అనొచ్చు, కోపం తెచ్చుకున్నవాడిదే తప్పు. పెళ్ళిళ్ళలో సరే, చావుల్లో మరీను. అందరూ ఏడుస్తుంటే వరస వాళ్ళొచ్చి పోయినవాడి నడక నడిచి చూపిస్తారు, శవపెట్టె దారికి అడ్డం పడుకుంటారు, చేతిలో ఏదో ఒకటి పడేదాకా లేవరు.

"శవం దగ్గర కూడానా?" అంది తియామికే.

శవం ఏమీ అనుకోదమ్మా అన్నాను.

మార్చి 3

కుర్చీ తాడు బిగించాను. బాగానే ఉంది.

మార్చి 4

ఇవాళ ఏఐ బొమ్మల పాఠం.

నేను ఈ ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఈ తెర మీద వేసినవన్నీ తెల్లకాళ్ళే. తెల్లకాళ్ళు, తెల్లవీపులు, తెల్లపిల్లల బుగ్గలు. కింద "ఎర్రటి మచ్చను గమనించండి" అని ఉంటుంది. విద్యార్థులు గమనించేవారు. బయటికెళ్తే వరండాలో కూర్చున్న రోగుల్లో ఒక్కరికీ ఎర్రమచ్చ ఉండేది కాదు. మా ఒంటి మీద ఎరుపు నేరేడు రంగుకి తిరుగుతుంది, లేదా బూడిదలా ఉంటుంది, లేదా అసలు కనబడదు. గమనించినవాళ్ళు ఇంకోసారి గమనించేవారు.

అందుకని ఐకాండే ఈ యంత్రాన్ని పట్టింది. మాటల్లో అడిగితే బొమ్మ వేసిస్తుంది. మొదట్లో దాని తెలివి చూడాలి. నల్లటి మనిషి వీపు మీద తామర వెయ్యమంటే, నూనె పట్టించిన వంకాయలాంటి సినిమా హీరోని వేసి, భుజాన బస్సు టికెట్టు అతికించినట్టు ఒక మచ్చ పెట్టింది. ఒక చేతికి ఆరు వేళ్ళు పెట్టింది. ఆరో వేలికి మాత్రం ఏ జబ్బూ లేదు. ఐకాండే వదల్లేదు. అడిగిందే అడిగి, తిట్టి, బతిమాలి, వచ్చిన బొమ్మల్ని ఇంకో ఇద్దరు ముసలి డాక్టర్లతో కూర్చుని ఒక్కొక్కటే చూసి, ముప్పాతిక వంతు పారేసింది. మిగిలినవాటికి మూలన చిన్న త్రికోణం వేసింది. త్రికోణం ఉంటే యంత్రం వేసిన బొమ్మ. లేకపోతే మనిషి, అదీ ఆ మనిషి ఒప్పుకుని సంతకం పెడితేనే.

ఇవాళ కుష్టు. ఒకే మచ్చ అయిదు రంగుల చేతుల మీద, వరసగా: పాలటీ రంగు, తేనె రంగు, ఇటుక, కాఫీగింజ, బొగ్గు. తెల్లదాని మీద ఎర్రగా ఉండేది మా దగ్గరికొచ్చేసరికి వెలిసిపోయి ఉంది. క్లాసు నోరు తెరుచుకుని చూసింది. తెలివితక్కువ యంత్రమే, ఈ ఒక్క పనీ బాగా చేసింది.

మిగతా పాఠం నాకు కంఠతా. మచ్చలో స్పర్శ ఉండదు. మోచేతి నరం పాడైతే చిటికెన వేలు మొద్దుబారుతుంది. తొందరగా వస్తే మాత్రలతో తగ్గుతుంది, మాత్రలు ఉచితం. ఆలస్యం చేస్తే వేళ్ళు కొక్కేల్లా వంగిపోతాయి, అవి మళ్ళీ రావు.

నా కుడి మోచేతి కింద కూడా ఒకటుంది. అది వేరు. కిందటేడు గోడకి సున్నం కొడుతుంటే పడింది.

మార్చి 6

సాయంత్రం మ్రుటు అరుగు మీద బావో ఆడాం. మ్రుటు నాతో చిన్నప్పుడు బడి ఎగ్గొట్టినవాడు, ఇప్పుడు సైకిళ్ళు బాగుచేస్తాడు. గుప్పెట్లో గింజలు పట్టుకుని ఒక్కో గుంటలో వేసుకుంటూ పోతుంటే చిటికెన వేలి పక్కనుంచి గింజలు జారి పక్క గుంటలో పడ్డాయి. నేను చూడలేదు, వాడు చూశాడు.

"దొంగ వెధవా, గింజలు తోస్తున్నావు" అన్నాడు.

అవును తోశాను అన్నాను. మా వీధిలో బావో దొంగకి మర్యాదే. నాకు చాలా సంతోషంగా ఉంది.

మార్చి 8

ఆదివారం. మా ఆవిడ నకియెటే మకాండే వండింది. మొక్కజొన్నలు, చిక్కుళ్ళు ఉడికి ఉడికి పొంగుతుంటే నేను గుడ్డ లేకుండానే గిన్నె దింపాను. అది గరిటె పట్టుకుని నా చేతి వంకే చూసింది. మొగుడు మొరటు మనిషైతే పెళ్ళానికి గర్వంగా ఉంటుంది.

నా పళ్ళెం నేనే కడుక్కున్నాను.

మా మేనత్త గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు ఆవిణ్ణి కుష్టు వాళ్ళ ఊరికి తీసుకెళ్ళారు. నయమై తిరిగొచ్చింది. ఒంటి మీద ఏమీ లేదు, డాక్టరు కాయితం కూడా తెచ్చుకుంది. చర్చిలో ఆవిడ కూర్చునే బల్ల మీద మాత్రం ఆవిడ పోయేదాకా ఇంకెవరూ కూర్చోలేదు. పాడటానికి బోలెడు చోటుండేది. బాగా పాడేది.

ఎందుకు రాశానో తెలీదు. నాది చిన్నప్పుడు వేడి నూనె పడిన మచ్చ.

మార్చి 10

మంచి ఆలోచన వచ్చింది. ఈ తెల్లకోట్ల వాళ్ళకి యంత్రం బొమ్మకీ మనిషికీ తేడా తెలుసా? పరీక్ష పెడతాను.

క్లాసు లేని వేళ నా కుర్చీలో కూర్చుని ఎడంచేత్తో కుడిచేతి ఫొటో తీశాను. రేపటి బొమ్మల మధ్యలో దూర్చాను. మూలన త్రికోణం పెట్టాను, అచ్చం ఐకాండే పెట్టినట్టే. నాకు ఏడో తరగతి దాకానే చదువు, త్రికోణం ఆరులోనే నేర్పారు.

పరీక్ష వాళ్ళకి. నాకు కాదు.

మార్చి 11

తెర మీద నా చెయ్యి మేకంత ఉంది. నేను వెనక నా కుర్చీలో కూర్చున్నాను, చొక్కా చేతులు మణికట్టు దాకా దించి.

మొదట లేచింది తియామికే. ఇది యంత్రం చేసిన తప్పు అంది. మచ్చ అంచు ఒక పక్క తెలుస్తోంది, ఇంకో పక్క చెరిగిపోయింది. లోపల వెంట్రుకలు కొన్ని ఉన్నాయి, కొన్ని లేవు. చర్మం ఎండిన చెరువులా ఉంది, మనిషిది ఇలా ఉండదు. మోచేతి కింద నీలంగా ఏదో పురుగు పాకుతోంది, యంత్రం గీతలు ఇలాగే పిచ్చిగా ఉంటాయి. పారేయాల్సిన బొమ్మ పొరపాటున ఉండిపోయింది.

క్లాసు ఒప్పుకుంది. ఒకతను ఇంకా ముందుకెళ్ళి ఇంత అందవికారమైన మోచెయ్యి భగవంతుడు చెయ్యడు అన్నాడు. వాడి పేరు గుర్తుపెట్టుకున్నాను.

ఐకాండే తెర దగ్గరికెళ్ళి ఆ నీలం పురుగు కేసి చూసింది. అక్కణ్ణుంచి తిరిగి, వెనక వరసలో నా కుర్చీ కాలి దాకా చూసి, మళ్ళీ తెర కేసి తిరిగింది.

"తప్పని ఎలా చెప్తున్నావు?" అని తియామికేని అడిగింది.

"ముందు చూపించిన అయిదు బొమ్మల్లా లేదు కదా మేడమ్."

"రోగి ఆ అయిదు బొమ్మల్లా ఉండాలని ఎవరు చెప్పారు?"

ఐకాండే కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "బొమ్మని చూడగలం, గుచ్చలేం. దూది పెట్టి తెలుస్తోందా అని అడగలేం. అందుకే ఇది సగం చదువు" అంది. తరవాతి బొమ్మకి పొమ్మంది.

నా పరీక్షలో అందరూ తప్పారు. నవ్వాల్సింది. ఇంటికొచ్చాక నవ్వుతాననుకున్నాను.

మార్చి 12

టీ వేళ పచ్చకప్పుతో కుర్చీలో కూర్చుని పేపరు చదువుతుంటే ఐకాండే వెనక నుంచి వచ్చి, పైకి మడిచిన నా చొక్కా చేతి కింద, సరిగ్గా మచ్చలో గుండుసూది గుచ్చింది. వరస కదా, అడగడానికి లేదు. చురుక్కుమంది. కెవ్వుమని అరిచాను. ఆమె నవ్వి వెళ్ళిపోయింది.

మచ్చ సంగతి ఇంతటితో సరి. సున్నమే.

మార్చి 13

ఐకాండే పొద్దున్నే హాలుకి వచ్చి "కియోండో గారూ, మీకు వీలైతే పది గంటలకి నా గదికి వస్తారా" అంది.

గారు. మీకు. వస్తారా.

ప్రొజెక్టరు తుడవాలన్నాను.

మార్చి 16

కావాలని కెలికాను. మీ అరటికాయ కల్లు తాగితే మేకలు కూడా చదువు మానేస్తాయి అన్నాను. మీ వాళ్ళు బాప్తిస్మానికి కూడా రసీదు అడుగుతారు అన్నాను. వాళ్ళ నాన్న టోపీని కూడా వదల్లేదు.

"మీరెప్పుడు వస్తానంటే అప్పుడే చూస్తాను కియోండో గారూ" అంది.

ఉతానిలో బదులు చెప్పనిది శవం ఒక్కటే అంటారు. నాకొచ్చిన అనుమానం, మా ఇద్దరిలో శవం ఎవరని.

కిటికీలు తుడవాలన్నాను.

మార్చి 17

బాగానే ఉంది.

మార్చి 18

చొక్కా గుండీ పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. ఈ మధ్య గుండీలు జారుడుగా చేస్తున్నారు.

మార్చి 22

ఆదివారం. చర్చి నుంచి వచ్చి భోజనానికి కూర్చోబోతున్నాం. వీధిలో ఏడుపు. ఎవరో పోయారని నకియెటే బయటికి పరిగెత్తింది. వెనకే నేను.

మా గుమ్మానికి అడ్డంగా డాక్టర్ ఐకాండే పడుకుని ఉంది. నల్లగుడ్డ తలకి చుట్టుకుంది, నడుముకి కాంగా గుడ్డ బిగించింది, గిన్నె మూత పుచ్చుకుని నేల మీద కొడుతూ పాడి పాడి ఏడుస్తోంది.

"ఓ కియోండో కుడిచెయ్యీ, ఎంత మంచి చెయ్యివే నువ్వు! నా టీలో ఉప్పు కలిపావు, నా కుర్చీకి జిగురు రాశావు, మ్రుటు గింజలు మింగావు. ఇంత తొందరగా పోయావా తల్లీ! మీ వాడేమో కిటికీలు తుడవాలంటున్నాడు, నీకు పెట్టె కూడా కొనలేదు!"

వీధి వీధంతా పోగయింది. చాగా డాక్టరు పారే వాడి మీద ఉతాని ఆడుతోందని పొట్టలు పట్టుకుని నవ్వారు. మ్రుటు వచ్చి, దొంగచెయ్యి పోతే ఊరికే మేలు, తొందరగా పాతెయ్యండి అన్నాడు. ఆమె లేచి, నా నడక నడిచింది. కుడిచెయ్యి ఒంటికి దూరంగా పెట్టుకుని, చిటికెన వేలు పక్కకి పడేసి. నేనలా నడుస్తానని నాకు తెలియదు. జనం ఇంకా నవ్వారు. మళ్ళీ వచ్చి గుమ్మానికి అడ్డం పడుకుంది.

"శవం ఇంకా వెచ్చగానే ఉంది" అంది, నా కేసి కాదు, నకియెటే కేసి చూస్తూ. "పాతిపెడదామా, ఆస్పత్రికి తీసుకొస్తావా? ఏదో ఒకటి చెప్పందే లేవను."

నకియెటే నవ్వడం లేదు. గరిటె ఇంకా చేతిలోనే ఉంది. "పాతిపెట్టం" అంది. "ఆ చెయ్యి నాకింకా కట్టెలు కొట్టాలి." లోపలికెళ్ళి ఒక గిన్నెడు మకాండే తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. వరస ప్రకారం పుచ్చుకున్నాక లేవాలి. లేచింది. దుమ్ము దులుపుకుని, పారేల వంటలో ఉప్పు కూడా అప్పుగానే వేస్తారని జనానికి చెప్పి నవ్వించి పంపేసింది.

లోపలికొచ్చాక నకియెటే ఆమెనే అడిగింది, చేతికి ఏమైందని.

"అది చెయ్యిగలవాడు చెప్పాలి. నేను దినానికి వచ్చినదాన్ని" అని గిన్నె పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. జబ్బు పేరు ఎక్కడా అనలేదు. దావాకి పనికొచ్చే మాట ఒక్కటైనా దొరుకుతుందేమోనని మొదట్నుంచీ వెతికాను. దొరకలేదు.

నకియెటేకి నేనే చెప్పాను. పేరు చెప్పాను. ఒకే మాట, మూడక్షరాలు కూడా లేవు, గొంతులోంచి రావడానికి ఇంతసేపా.

అది గరిటె కింద పెట్టింది.

"క్రిస్మస్ దగ్గర్నుంచి నీ పళ్ళెం నువ్వే కడుక్కుంటున్నావు. మంచం దిగి చాప మీద పడుకుంటున్నావు" అంది. "ఎవతో శుభ్రం నేర్పిందనుకున్నాను. ఎవతని మ్రుటు పెళ్ళాన్ని కూడా అడిగాను."

అని నా పళ్ళెం లాక్కుని అందులోంచే తినడం మొదలుపెట్టింది. నాకు మిగల్చలేదు. పెరట్లోంచి ఐకాండే ఇంకొంచెం ఉందా అని అడిగింది.

మార్చి 23

పది గంటలకి వెళ్ళాను. కళ్ళు మూసుకోమంది. దూది ఎక్కడ తగిలితే అక్కడ వేలు పెట్టమంది. బాగా ఆడానని అనుకుంటూ కళ్ళు తెరిస్తే, ఆమె నేను చూపించని చోట్లన్నీ పెన్నుతో చుక్కలు పెట్టింది. మోచేతి దగ్గర నరం పట్టుకుని చూసింది. పురికొసలా లావెక్కింది. నేనూ పట్టుకుని చూశాను.

"మచ్చ పోతుంది. ఇంకొకళ్ళకి అంటుకోదు, మొదటి మాత్రతోనే ఆ భయం తీరిపోతుంది. వేలి సంగతి ఇప్పుడే చెప్పలేను. పోయిన వారమే వచ్చి ఉంటే ఇంకొంచెం ధైర్యంగా చెప్పేదాన్ని" అంది.

"కిటికీలు..." అన్నాను.

"కిటికీలు మెరుస్తున్నాయి" అంది.

తరవాత తిట్టింది. మర్యాదలన్నీ వదిలేసి, వరసలో, కడుపారా తిట్టింది. ఆ త్రికోణం పెట్టినందుకు. "యంత్రం బొమ్మ మీద యంత్రం బొమ్మ అని రాసేది పిల్లలు మోసపోకూడదని. నువ్వు మనిషి మీద రాశావు. క్లాసు మొత్తం ఒక రోగిని ఎదురుగా పెట్టుకుని ఇది తప్పు బొమ్మ అంది. రేపు పల్లెలో ఎవడో వస్తే ఇదే మాట అంటారు, ఇంటికి పంపేస్తారు. ఇంకోసారి ఆ గుర్తు ముట్టుకుంటే నీ మీద దావా నేనే వేస్తాను పిసినారీ."

పిసినారి అంది. ప్రాణం లేచొచ్చింది.

మొదటి మాత్రలు అక్కడే, ఆమె ఎదురుగా మింగాను.

మార్చి 24

ఉచ్చ ఎర్రగా వచ్చింది. మాత్ర గుణమని ముందే చెప్పింది. అయినా నకియెటేని పిలిచి చూపించి, బోర్లా పడిపోయినట్టు నటించాను. అది బిందె తీసుకుని నూతికి వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 9

ఒంటి రంగు తిరుగుతోంది. ఇదీ మాత్రల పనే. యంత్రం మొదట్లో వేసిన వంకాయ హీరోలా ఉన్నానని మ్రుటు అనలేదు గానీ, అనేంత తెలివి వాడికి లేదు, అందుకని నేనే అన్నాను.

ఏప్రిల్ 15

సంతకం పెట్టాను, ఎడంచేత్తో. నా చెయ్యి మళ్ళీ తెర మీదకి వచ్చింది. త్రికోణం తీసేశారు. అయిదు రంగుల చేతుల పక్కన ఆరోది.

"ఇది యంత్రం వేసింది కాదు. దీన్ని గుచ్చి చూడొచ్చు" అని ఐకాండే వెనక్కి చెయ్యి చూపించింది. నలభై కళ్ళు తిరిగాయి. నేను చొక్కా చేతులు పైకి మడిచి నిలబడ్డాను. మేనత్త గుర్తొచ్చింది, బల్ల మీద ఒక్కత్తే పాడటం.

అందరికంటే ముందు తియామికే వచ్చింది. దూది తెచ్చుకుంది. చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని, కళ్ళు మూసుకోండి మామయ్యా అంది. అయ్యాక తన మాట తప్పని క్లాసు ముందే చెప్పింది, నీలం పురుగు గురించి కూడా. తరవాత మిగతావాళ్ళు వరసగా. మోచెయ్యి అందవికారమన్నవాడు కూడా వచ్చాడు. వాడు పట్టుకున్నప్పుడు మాత్రం గట్టిగా మూలిగాను, వాడికి చెమటలు పట్టాయి.

ఈలోగా ఐకాండే పోయి నా కుర్చీలో కూర్చుంది. పచ్చకప్పులో టీ పోసుకుంది. "ఈ జబ్బు కుర్చీలకి రాదు, కప్పులకి రాదు. వినబడిందా పారే?" అంది. క్లాసుకి చెప్తున్నట్టే చెప్పింది.

తాడు తెగి కుర్చీతో సహా కూలబడింది. ఇన్ని వారాలు నన్ను మోసిన కుర్చీ, చాగా డబ్బుమూటలు మోయలేకపోయింది. అదే చెప్పాను. కింద కూర్చునే నాకు జవాబు చెప్పింది. రాయదగ్గది కాదు.

ఏప్రిల్ 19

చిటికెన వేలి చివర ఏదో ఉంది. నొప్పి కాదు. చీమ నడిచినట్టు. చాలాసేపు చూశాను, చీమ లేదు.

దీని సంగతి రాయడానికి కూర్చుని వెనక పేజీలు తిరగేశాను. మచ్చ గురించి సున్నమని ఒకచోట, నూనె అని ఒకచోట ఉంది. అది సరే, అవి అబద్ధాలని రాస్తున్నప్పుడే నాకు తెలుసు. మార్చి పన్నెండు మాత్రం నమ్మించేలా రాశాను. మొన్నటిదాకా నేనే నమ్మాను.

చురుక్కుమనడం, కెవ్వుమనడం, ఆమె నవ్వి వెళ్ళడం, మొత్తం కల్పన. నేను పేపరు చదువుతూనే ఉన్నాను. పేజీ తిప్పాను. టీ తాగాను. ఐకాండే ఎదురుగా వచ్చి నిలబడితే ఏం కావాలి అన్నట్టు చూశాను. ఆమె నా చేతి కేసి చూస్తోంది. నేనూ చూశాను. గుండుసూది నా మోచేతి కింద నిటారుగా నిలబడి ఉంది.

ఆమే తీసింది. ఇద్దరిలో ఎవరికీ జోకు తట్టలేదు.